మూడు గీతల కబురు

ఈమధ్య నగల షాపులో అడుగుపెడితే చాలు, ఒక ప్రశ్న తప్పడం లేదు కదూ: "నేచురల్ చూపించమంటారా, ల్యాబ్ గ్రోన్ చూపించమంటారా?" రెండు ఉంగరాలు పక్కపక్కన పెడతారు. రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. ధరల దగ్గరకొచ్చేసరికి పొంతనే ఉండదు. ఒకావిడ "రెండూ ఒకటేనండీ" అంటుంది. పక్కనున్న పెద్దాయన "ఎలా ఒకటవుతాయమ్మా, ఒకటి భూమిలో పుట్టింది, ఇంకోటి మిషన్‌లో పుట్టింది" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. మిషన్‌లో పెరిగినది కూడా అచ్చమైన వజ్రమే, అందులో సందేహం లేదు. కానీ పుట్టిల్లు ఏదో ఆ రాయి దాచుకోలేదు. దాని కార్బన్ పరమాణువుల మధ్య చొరబడిన పరాయి పరమాణువులు ఆ సంగతి చెప్పేస్తాయి. అవి ఎవరు, ఎందరు, ఎక్కడ ఎలా కూర్చున్నారు అన్నది రాయిని పగలగొట్టకుండా, కరిగించకుండా అడిగి తెలుసుకునే విద్య ఒకటుంది. పేరు ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెసొనెన్స్, పొట్టిగా ఈపీఆర్. నాకు ఎంతో ఇష్టమైన విద్య. ఇవాళ్టి కబుర్లు దాని గురించే.

ముందు ఆ మిషన్ సంగతి చూద్దాం. 1953 ఫిబ్రవరిలో స్వీడన్‌లో ఏఎస్ఈఏ (ASEA) అనే కంపెనీ వాళ్లు వజ్రం తయారుచేశారు కానీ బయటికి చెప్పలేదు. 1954 డిసెంబరులో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ చేసి చూపించాడు. మరుసటి ఫిబ్రవరిలో కంపెనీ లోకానికి ప్రకటించింది. ఈ పద్ధతిలో గ్రాఫైట్‌ని ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ద్రవంలో కరిగిస్తారు. చుట్టూ దాదాపు 50 వేల నుంచి 60 వేల వాతావరణాల పీడనం, సుమారు 1,400 డిగ్రీల వేడి. కరిగిన కార్బన్ చిన్న వజ్రపు విత్తనం మీదికి చేరి, పొర మీద పొరగా పెరుగుతుంది. రెండో పద్ధతి తర్వాత ఊపందుకుంది. అందులో మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మార్చి, పలుచని వజ్రపు పలక మీద కార్బన్ దిగేట్టు చేస్తారు. సూరత్‌లో పెరుగుతున్న వజ్రాల్లో ఎక్కువ భాగం ఈ రెండో దారిలో వచ్చినవే.

ఇప్పుడు ఆలోచించండి. లోహపు ద్రవంలో పెరిగిన వజ్రంలోకి కాస్త లోహం రాకుండా ఉంటుందా? గాలి చొరబడిన గదిలో పెరిగితే నైట్రోజన్ రాకుండా ఉంటుందా? వస్తాయి. మొదటి పద్ధతిలో ఏ జాగ్రత్తా తీసుకోకుండా పెంచిన వజ్రం పసుపుపచ్చగా ఉండటానికి కారణం నైట్రోజనే. అది నీలికాంతిని మింగేస్తుంది, మిగిలినది మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. పది లక్షల కార్బన్ పరమాణువులకు 100 నైట్రోజన్‌లుంటే చాలు, ఆ రంగు తెలిసిపోతుంది. పది లక్షలకు 100 అంటే ఏముందిలే అనుకోకండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. అందులో ఉండే కార్బన్ పరమాణువుల లెక్క 1 పక్కన 22 సున్నాలు. నైట్రోజన్ లెక్క అప్పుడు 1 పక్కన 18 సున్నాలు. ఇంత జనాభా ఉన్నప్పుడు వాళ్ల గొంతు వినపడకుండా ఎలా ఉంటుంది?

వినడం ఎలాగో చెబుతాను. వజ్రంలో ప్రతి కార్బన్‌కీ నలుగురు పొరుగువాళ్లు. ఒక్కొక్కరితో ఒక్కో బంధం, బంధానికి రెండు ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్ ప్రతిదీ ఒక చిన్న అయస్కాంతం. జతలో ఉన్నప్పుడు ఒకటి పైకి, మరొకటి కిందికి చూస్తూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే స్వచ్ఛమైన వజ్రం ఈ పరీక్షలో నోరు విప్పదు. కానీ కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ వచ్చి కూర్చుందనుకోండి, దానికి కార్బన్ కంటే ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. నాలుగు బంధాలూ పూర్తయ్యాక ఆ ఒక్కటి జత లేకుండా మిగిలిపోతుంది. ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌ని అయస్కాంత క్షేత్రంలో పెడితే అది నిలబడటానికి రెండే భంగిమలు: క్షేత్రం దిశలో, లేదా దానికి ఎదురుగా. ఈ రెంటికీ శక్తిలో తేడా ఉంటుంది. ఆ తేడాకి సరిగ్గా సరిపోయే మైక్రోవేవ్ తగిలితే ఎలక్ట్రాన్ దాన్ని మింగి భంగిమ మార్చుకుంటుంది. దాన్నే అనునాదం అంటాం. ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం చేసేదీ ఇలాంటి పనే. అక్కడ మన ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలను పలకరిస్తారు, ఇక్కడ ఎలక్ట్రాన్‌ని. ఎలక్ట్రాన్ అయస్కాంతం ఆ హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్, కంటే సుమారు 660 రెట్లు బలమైనది. ఈ ఎలక్ట్రాన్ అనునాదాన్ని మొదట పట్టుకున్నది ఎవ్‌గెనీ జవోయిస్కీ, 1944లో, యుద్ధం సాగుతున్న రోజుల్లో, రష్యాలోని కజాన్ నగరంలో.

పరీక్ష చేసే తీరు మన చిన్నప్పటి రేడియోని గుర్తుచేస్తుంది. వివిధభారతి ఎక్కడుందో వెతుక్కుంటూ నాబ్ తిప్పేవాళ్లం కదా, అలాగే ఇక్కడా నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. కాకపోతే మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ ఒకచోటే, సాధారణంగా 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర, నిలిపి ఉంచుతారు. తిప్పేది అయస్కాంత క్షేత్రాన్ని. అది 0.34 టెస్లా దగ్గరికి వచ్చేసరికి ఒంటరి ఎలక్ట్రాన్ పలుకుతుంది, కాగితం మీద గీత పడుతుంది.

అసలు రసం ఇక్కడే ఉంది, నిదానంగా వినండి. నైట్రోజన్ ఉన్న వజ్రాన్ని పెడితే పడేది ఒక గీత కాదు, మూడు. ఎందుకు మూడు? ఎలక్ట్రాన్ పక్కనే ఉన్న నైట్రోజన్ కేంద్రకం కూడా చిన్నపాటి అయస్కాంతం. మామూలు నైట్రోజన్-14 కేంద్రకానికి స్పిన్ 1, అంటే అది క్షేత్రంలో మూడు రకాలుగా నిలబడగలదు. ఒక రకంగా నిలబడితే పెద్ద అయస్కాంతానికి కాస్త బలం చేకూరుస్తుంది, మరో రకంగా నిలబడితే కాస్త తగ్గిస్తుంది, ఇంకో రకంగా ఊరుకుంటుంది. అందుకే ఎలక్ట్రాన్ మూడు చోట్ల పలుకుతుంది. చుట్టూ ఉన్న కార్బన్‌లలో దాదాపు 99 శాతం కార్బన్-12. దాని కేంద్రకానికి అయస్కాంతత్వమే లేదు. అది మౌనంగా ఉండబట్టే ఈ మూడు గీతలూ అంత శుభ్రంగా వినబడతాయి. మిగిలిన ఒక శాతం, అంటే కార్బన్-13, పక్కనే చిన్న చిన్న గీతలుగా కనిపిస్తుంది.

ఈ మూడు గీతలను 1959లో ఐబీఎం పరిశోధకులు స్మిత్, సొరోకిన్, గెల్లెస్, లాషర్ విప్పి చెప్పారు. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ఆ నైట్రోజన్ స్థానానికి పీ1 కేంద్రం అని పేరు పడింది. ఈ సొరోకిన్ తర్వాత లేజర్ల చరిత్రలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అదే 1959లో బెల్ ప్రయోగశాలల నుంచి కైసర్, బాండ్ అనే ఇద్దరు వేరే దారిలో వచ్చి, వజ్రాల్లో ప్రధాన మలినం నైట్రోజనే అని తేల్చారు. అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. వజ్రాలు రెండు రకాలని 1934 నుంచే తెలుసు: కొన్ని అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటాయి, కొన్ని పోనిస్తాయి. తేడా ఎందుకొచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. 1940లలో బెంగళూరులో సర్ సి.వి. రామన్ వజ్రాల మీద ఎంతో శ్రద్ధగా పనిచేశాడు. తేడా స్ఫటిక నిర్మాణంలోని సౌష్ఠవంలోనే ఉందని ఆయన వాదించాడు. అంతకు ముందే కలకత్తాలో ఆయన దగ్గర పనిచేసిన మన ఆగిరిపల్లి సూరి భగవంతం కూడా వజ్రంలో రామన్ ఫలితాన్ని పరిశీలించాడు. తర్వాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి పెద్ద దిక్కయ్యాడు. అంత గొప్ప కళ్లు చూసినా నైట్రోజన్ దొరకలేదంటే, అది వాళ్ల చూపులో లోపమని నేననుకోను. అడగాల్సిన పనిముట్టు అప్పటికి చేతికి రాలేదు, అంతే.

మూడు గీతలున్నంత మాత్రాన నైట్రోజనే అని ఎలా నమ్మాలి అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి చక్కని పరీక్ష ఉంది. నైట్రోజన్-15 అనే ఐసోటోప్ స్పిన్ సగం, అంటే అది రెండు రకాలుగానే నిలబడగలదు. మామూలు నైట్రోజన్ బదులు దాన్ని పెట్టి వజ్రం పెంచితే, మూడు గీతలు పోయి రెండే పడతాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? కోబాల్ట్ అయితే దాని కేంద్రకం స్పిన్ ఏడు సగాలు, కాబట్టి 8 గీతలు. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క లెక్క. గీతలు లెక్కపెట్టి లోపలున్నవాడి ఇంటిపేరు చెప్పేయొచ్చు.

ఇంటిపేరే కాదు, కూర్చున్న తీరు కూడా తెలుస్తుంది. ఇది నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. వజ్రాన్ని అయస్కాంతం మధ్య కొద్దికొద్దిగా తిప్పుతారు. వజ్రపు పరమాణువుల అమరికలోని ఘనాకృతి అంచు దిశలో క్షేత్రం ఉన్నప్పుడు మూడు గీతలు. మూల నుంచి మూలకి పోయే దిశలోకి తిప్పితే ఐదు గీతలు, వాటి బలాలు 1, 3, 4, 3, 1 చొప్పున. నలుగురు పొరుగువాళ్లతోనూ నైట్రోజన్ సమంగా ఉండి ఉంటే తిప్పినా ఏ మార్పూ రాకూడదు. వచ్చిందంటే, నలుగురిలో ఒకరితో దానికి ఎడం పెరిగిందన్నమాట. ఒంటరి ఎలక్ట్రాన్ ఎక్కువగా ఆ సాగిన బంధం మీదే ఉంటుంది. నలుగురిలో ఎవరితోనైనా ఎడం రావచ్చు కాబట్టి, రాయి మొత్తంలో నైట్రోజన్‌లు నాలుగు జట్లుగా ఉంటాయి. క్షేత్రం ఒక జట్టుకి సూటిగా ఉన్నప్పుడు మిగిలిన మూడింటికీ ఒకే కోణంలో ఏటవాలుగా ఉంటుంది. ఆ ఒకటీ మూడే గీతల్లో 1, 3గా కనిపించాయి, నడిమి గీతలో కలిసి 4 అయ్యాయి. కంటికి కనిపించని ఒక్క బంధం సాగిందన్న కబురు, రాయిని చేత్తో తిప్పితే తెలిసింది! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ల్యాబ్‌లో ఈ పని చేసేవాళ్ల ఓపిక గురించి ఓ మాట చెప్పుకోవాలి. లోహంలో పెరిగిన వజ్రపు రవ్వల్లో ఇనుము, నికెల్ తునకలు ఇరుక్కుని ఉంటాయి. కొన్ని రవ్వలైతే అయస్కాంతానికి అతుక్కుంటాయి కూడా. ఆ లోహం వల్ల స్పెక్ట్రమ్, అంటే కాగితం మీది గీతల పటం, అంతా వెడల్పాటి గుట్టలా లేచి, సన్నని గీతలను మింగేస్తుంది. అందుకని ముందు ఆమ్లాల్లో మరిగించి ఉపరితలం శుభ్రం చేయాలి. లోపల ఇరుక్కున్నదాన్ని ఏమీ చేయలేం కాబట్టి మంచి రాయిని ఏరుకోవాలి. మైక్రోవేవ్ పవర్ విషయంలోనూ తొందర పనికిరాదు. వజ్రంలో ఎలక్ట్రాన్ ఒకసారి భంగిమ మార్చుకుంటే వెనక్కి రావడానికి చాలా నిదానిస్తుంది. పవర్ పెంచితే సిగ్నల్ పెరుగుతుందని ఆశపడితే, గీత చదునై లెక్క తప్పుతుంది. తక్కువ పవర్‌తో, ఎక్కువ సేపు, మళ్లీ మళ్లీ కొలవాలి. ఎంత నైట్రోజన్ ఉందో ముందే తెలిసిన మరో వజ్రంతో పోల్చి చూడాలి. అప్పుడుగానీ "ఇంత ఉంది" అని చెప్పే హక్కు రాదు.

నికెల్ సంగతి కూడా వినండి. నికెల్ ద్రవంలో పెరిగిన వజ్రాల్లో నైట్రోజన్ గీతలకు పక్కన, కాస్త తక్కువ క్షేత్రంలో ఒంటి గీత ఒకటి కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాకు చెందిన లౌబ్సర్, వాన్ రైనెవెల్డ్ 1966లో దాన్ని నికెల్‌గా గుర్తించారు. ఒక నికెల్ పరమాణువు కార్బన్ స్థానాన్ని ఆక్రమించి, మూడు ఒంటరి ఎలక్ట్రాన్లతో కూర్చుందని తర్వాత జపాన్‌లో ఇసోయా బృందం తేల్చింది. విచిత్రమేమంటే, నికెల్ స్ఫటికంలో అన్ని వైపులా చేరదు. అష్టముఖి ముఖాల మీద పెరిగిన భాగంలోకే వస్తుంది, ఘనం ముఖాల వైపు రాదు. నైట్రోజన్ రెండిట్లోకీ వస్తుంది కానీ అష్టముఖి వైపే ఎక్కువ. ఒకే రాయిలో పక్కపక్క భాగాలకి వేర్వేరు జాతకాలన్నమాట! రెండో పద్ధతిలో పెరిగిన వజ్రాల్లో నికెల్ ఉండదు, ఆ పద్ధతి గుర్తులు వేరే. ప్లాస్మాని చుట్టుముట్టిన క్వార్ట్జ్ కిటికీల నుంచి సిలికాన్ వస్తుంది. వాయువులోని హైడ్రోజన్ కూడా నైట్రోజన్ పక్క ఖాళీలో దూరి కూర్చుంటుంది. వీటి స్పెక్ట్రమ్‌లను విప్పడంలో ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎంతో పనిచేశారు. ఏ కుండలో వండారో వంటే చెబుతోందన్నమాట.

ఇంతవరకూ పలికినవాళ్ల కబుర్లు. పలకనివాళ్ల కబురు ఇంకా గొప్పది. పసుపు వజ్రాన్ని, గ్రాఫైట్‌గా మారకుండా బాగా పీడనం పెట్టి, 1,500 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచారనుకోండి. లోపల నైట్రోజన్‌లు మెల్లగా కదిలి, రెండేసి ఒకదాని పక్కకి ఒకటి చేరతాయి. జనరల్ ఎలక్ట్రిక్‌లోనే చ్రెంకో బృందం 1977లో దీన్ని చూపించింది. జత కుదిరాక ఒంటరి ఎలక్ట్రాన్ ఉండదు. మూడు గీతలూ సన్నగిల్లిపోతాయి, పసుపు కూడా పలచబడుతుంది. నైట్రోజన్ ఎక్కడికీ పోలేదు, పరారుణ కాంతితో చూస్తే అక్కడే ఉంటుంది. భూగర్భంలో వందల కోట్ల ఏళ్లు ఉన్న సహజ వజ్రాల్లో నైట్రోజన్ చాలామటుకు ఇలా జతలుగా, నాలుగేసి గుంపులుగా ఉండటానికి కారణం ఇదే. ల్యాబ్‌లో కొద్ది రోజుల్లో పెరిగిన వజ్రానికి అంత తీరిక ఎక్కడిది? అందుకే దాని నైట్రోజన్‌లు ఒంటరిగా ఉంటాయి, గట్టిగా పలుకుతాయి. వయసు తేడా ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అన్నట్టు, నైట్రోజన్ ఇంచుమించు లేని సహజ వజ్రాలు చాలా అరుదు. వాటిని టైప్ 2ఏ అంటారు. అలాంటి నీళ్లలా తేటగా ఉండే రాళ్లకి ప్రపంచ వజ్రాల బజారులో ఇప్పటికీ గోల్కొండ పేరే చెబుతారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లు తెచ్చిపెట్టిన పేరది. ఇప్పుడు ల్యాబ్‌లో కూడా ఆ తేటదనం సాధిస్తున్నారు. లోహపు ద్రవంలో టైటానియం, అల్యూమినియం లాంటివి కలిపితే అవి నైట్రోజన్‌ని ముందే పట్టేసుకుంటాయి, వజ్రంలోకి పోనివ్వవు. ఎంతవరకు పోనివ్వలేదో తేల్చిచెప్పేది మళ్లీ మన మూడు గీతలే. వంద కోట్ల కార్బన్‌లకు ఒకటి రెండు నైట్రోజన్‌లున్నా ఈపీఆర్‌తో పట్టుకోవచ్చు.

అంత తేటగా చేశాక, కావాలని కొంచెం నైట్రోజన్ మళ్లీ వేసే రోజులొచ్చాయి. వజ్రాన్ని ఎలక్ట్రాన్ పుంజంతో కొడితే కొన్ని కార్బన్‌లు లేచిపోయి ఖాళీలు ఏర్పడతాయి. తర్వాత 800 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ ఖాళీలు తిరుగుతూ వెళ్లి నైట్రోజన్ పక్కన స్థిరపడతాయి. నైట్రోజన్, దాని పక్కన ఖాళీ: ఈ జంటని ఎన్‌వీ కేంద్రం అంటారు. ఇది అయస్కాంత క్షేత్రమేమీ లేకపోయినా 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర అనునాదం చూపిస్తుంది. పచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది, అనునాదం దగ్గర ఆ వెలుగు కాస్త తగ్గుతుంది. దీని ఈపీఆర్‌ని 1970లలో దక్షిణాఫ్రికాలో లౌబ్సర్, వాన్ వైక్ వివరించారు. 1997లో జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఒకే ఒక్క ఎన్‌వీ కేంద్రం అనునాదాన్ని దాని వెలుగులో చూడగలిగారు. లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు కలిసి పలికితే వినే విద్య, ఒక్క ఎలక్ట్రాన్ మాట వినే దాకా వచ్చింది! అదీ మామూలు గది వేడిలో. ఇవాళ దానితో జీవకణాల్లో, చిప్‌లలో అతిచిన్న అయస్కాంత క్షేత్రాలను కొలుస్తున్నారు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రాల్లోని ఎన్‌వీ ఎలక్ట్రాన్లను ముడిపెట్టి, క్వాంటమ్ సిద్ధాంతానికి గట్టి పరీక్ష పెట్టారు.

ఇక్కడ మన పాత పీ1కి రెండు పాత్రలు. ఎన్‌వీ పనిచేయాలంటే దానికో అదనపు ఎలక్ట్రాన్ కావాలి. ఇచ్చేది పక్కనున్న ఒంటరి నైట్రోజనే. కానీ ఒంటరి నైట్రోజన్‌లు ఎక్కువైతే వాటి అయస్కాంతాల సందడిలో ఎన్‌వీ తన స్థితిని ఎక్కువసేపు నిలుపుకోలేదు. తక్కువైతే పని జరగదు, ఎక్కువైతే చెడుతుంది. ఎంత వేయాలో ఊహించి వేస్తే కుదరదు, కొలిచి వేయాలి. 1959లో ఎవరో నలుగురు కుతూహలం కొద్దీ విప్పిన మూడు గీతలు ఇవాళ క్వాంటమ్ సెన్సర్ తయారుచేసేవాళ్లకు కొలమానం అయ్యాయి. ఎందుకు పనికొస్తుందని ఆ రోజు అడిగి ఆపేసి ఉంటే ఈ రోజు ఆ కొలమానమే ఉండేది కాదు. నేను ఇంత ఉత్సాహంగా ఈ కబుర్లు చెప్పడానికి అసలు కారణం అదే.

మన దేశంలోనూ ల్యాబ్ వజ్రాల పరిశోధనకి ఐఐటీ మద్రాసులో ఒక కేంద్రం పెట్టారు. మన యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు డీపీపీహెచ్ అనే పొడితో ఈఎస్ఆర్ ప్రయోగం చేస్తుంటారు. ఈఎస్ఆర్ అన్నది ఈ విద్యకే మరో పేరు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే, రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడంతో అది ముగిసిపోలేదని చెప్పండి. ల్యాబ్ వజ్రాల్లో ఎవరివో తేలని గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ పరమాణువు అలా పలుకుతోందో ఎవరో ఒకరు రాయిని తిప్పితిప్పి, ఐసోటోప్ మార్చి చూసి తేల్చాలి. ఆ ఎవరో మన పిల్లలే ఎందుకు కాకూడదు?